అమ్మ నపుంసకలింగమా?

ఆ రోజుల్లో మహారాష్ట్రలోని చంద్రపూర్ కుర్రాళ్లంతా కంప్యూటర్ క్లాసుల వెంట పడుతుంటే, నేను మాత్రం చర్చి ఫాదర్లను తయారుచేసే ఒక చిన్న సెమినరీలో కూర్చుని, ఊళ్లో ఎవరూ మాట్లాడని లాటిన్ నేర్చుకునేవాణ్ణి. ఘుగ్గుస్ బొగ్గుగని కాలనీలో ఉన్న మా అమ్మకు ఒక్కటే ఆశ. "నా కొడుకును లోకమంత ఫాదర్ అనాలె. వాళ్ల నాయిన లెక్క గనిల దిగొద్దు" అనేది. (కన్నకొడుకును తానూ ఫాదర్ అనే పిలవాల్సి వస్తుందని ఆమెకు తట్టినట్టు లేదు.) లాటిన్ రెండుసార్లు తప్పితే ఇంటికి పంపేస్తారు. అప్పటికే ఒకసారి తప్పాను. ఆ దిగులుతో అన్నం సయించేది కాదు.

లాటిన్ చెప్పే ముసలి ఫాదర్ పాఠమంతా మరాఠీలో చెప్పేవాడు. నపుంసకలింగంలో కర్తకైనా కర్మకైనా మాట రూపం ఒకటేనని "తేచ్! తేచ్!" అంటూ బల్ల గుద్దేవాడు. తేచ్ అంటే అదే అని. మేమాయన్ని తేచ్ ఫాదర్ అనేవాళ్లం. మరాఠీ పిల్లలకేం, మూడు లింగాలూ ఇంట్లోనే ఉన్నాయి. మా ఇంట్లో రెండే. నాయిన వచ్చిండు. ఇక అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది, కరెంటు వచ్చింది. ఆ లెక్కనే రెండో పరీక్షలో 'మాతెర్' అనే మాటను, అంటే సాక్షాత్తూ అమ్మను, తీసుకెళ్లి నపుంసకలింగంలో పడేశాను.

"తుఝీ ఆయీ టేబల్ ఆహే కా?" అని అరిచాడు తేచ్ ఫాదర్. మీ అమ్మేమన్నా బల్లా అని. క్లాసంతా ఒకటే నవ్వు. "మా తెలుగులో అంతే ఫాదర్" అని గొణిగాను. ఎవరు వింటారు? మర్నాడు నా ట్రంకుపెట్టెతో సహా ఘుగ్గుస్ బస్సెక్కాను.

"ఏందిరా, గిట్లొచ్చినవ్?" అంది అమ్మ గుమ్మంలోనే. జరిగిందంతా చెప్పాను. గుండెలు బాదుకుంటుందనుకున్నాను. లోపల మంచం మీంచి నాయిన, "ఏయ్, నీళ్లు తే" అని కేక పెట్టాడు. అమ్మ కాసేపు నా పెట్టె వైపు చూసింది.

"గా ఫాదరుకు దండం బెట్టొచ్చినవా లేదా? గిన్నేండ్లల్ల నేను బల్లను గాదని కొట్లాడినోడు ఆయనొక్కడేరా!"

నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు. నీళ్లు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆ ఏడే గనిలో దిగాను. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది గానీ, పకపకా మాత్రం రాదు.