గడప మీద పెట్టిన చాకు

“ఆ డబ్బా మూత తీసినవంటే చేతులు విరగ్గొడ్త, చెప్తున్న!”

“విరగ్గొట్టు బాపమ్మా. తాత పోయినంక మూడేండ్ల సంది మూత తియ్యక లోపల ఏమైందో చూసినవా? సూరత్ గాలికి చాకులన్నీ జంగు పడుతున్నయి. తాత ఉంటే నిన్నే తిట్టెటోడు.”

“పడనీ జంగు. ఇనుము తిండి అడుగుతదా, బట్ట అడుగుతదా? ఇంట్ల నుంచి కత్తి బయటికి పోవద్దంటే పోవద్దు. ఫోన్ల మొఖం తెల్వనోనికి చాకు అమ్ముతదట! వాడు దాంతోని పండ్లు కోస్తడో, కుత్తికె కోస్తడో నీకేమెరుక?”

“అన్నీ అడిగినంకనే ఇస్తున్న. పొద్దుగాల ఒకడు అర్జంటు కావాలె, ఇంటికే వస్త, అడ్రస్ పెట్టు అన్నడు. కుదరదని చెప్పి, చాకులు జమజేసెటోళ్ల గ్రూపుల అందరికీ వీనితోని జర పైలం అని రాసిన. ఎవడు అడిగితే వానికి ఇచ్చెటందుకు నేనేమన్న తాతనా?”

“ఏమన్నవే?”

“ఉన్నదే అన్న. తాత ఇచ్చిన చాకుతోనే గదా ఆ లొల్లి అయింది. బస్తీల అందరికీ ఎరుకే. గ్రూపుల గూడ రాసిన. మా తాత ఒక్కపారి ఎందుకని అడగకుండ ఇచ్చి ఠాణాల కూసున్నడు, అందుకే నేను ఇన్ని అడుగుత, ఏమనుకోకుండ్రి అని. తాత ఫోటో గూడ పెట్టిన. ఎంతమంది మంచిగ రాసిన్రో తెల్సా?”

మొన్న ఆదివారం మధ్యాహ్నం నాకూ, నా మనవరాలికీ జరిగిన పోట్లాట ఇది. నా కొడుకు కూతురు, రింగ్ రోడ్డులో చీరల దుకాణంలో పనిచేస్తుంది, ఇరవై మూడేళ్ల పిల్ల. మాటకు మాట చెప్పడంలో నాకేమీ తీసిపోదు, నేనూ ఏనాడూ దాని దగ్గర మాట పడి ఊరుకున్నదాన్ని కాదు. కానీ ఆ చివరి మాట విన్నాక మాత్రం డబ్బా మీది నుంచి చెయ్యి తీసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. తానే గెలిచాననుకుని అది మూత తెరిచింది.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే నా ఈడు వాళ్లు సర్దుకుని చదువుకోండి. ఈ సంగతి మాత్రం ఎవరి చేతనో రాయించేది కాదు.

మా ఆయనకు చాకుల పిచ్చి. ఆ రోజుల్లో సూరత్‌కు నేత పనికి వచ్చిన మన తెలుగువాళ్లలో ఒకరికి బీడీ, ఒకరికి కల్లు, ఇంకొకరికి ఆట మారిన ప్రతిసారీ సినిమా, ఈయనకేమో తాపీ నది దగ్గర గోనెపట్టాల మీద పాత సామాన్లు పోసి అమ్మే ఆదివారపు బజారు. అక్కడ తుప్పుపట్టిన ఏదో మడత చాకును ఏరుకొచ్చి, ఇటుకపొడితో రుద్ది, సాంచాలకు, అదే కార్ఖానాలో మరమగ్గాలకు, వేసే నూనె ఒక చుక్క కీలులో వేసి, అది మెత్తగా తెరుచుకునే దాకా వారం రోజులు దానితోనే కూర్చునేవాడు. సబ్బు ముక్కలన్నీ ముద్దచేసి కొత్త సబ్బు చేసుకునే ఇల్లు మాది, సాంచాల దగ్గర పారేసిన దారం పోగులు పేని బట్టలారేసే తాడు చేసేదాన్ని నేను, అలాంటి ఇంట్లో ఉల్లిగడ్డ కూడా కోయని కత్తులు ఎందుకని రోజూ సణిగేదాన్ని. ఆయన నవ్వేవాడే తప్ప మారుమాట లేదు.

కార్ఖానాలో పోగులు కోసుకోవడానికి ప్రతి మనిషి దగ్గరా చిన్న చాకు ఒకటి ఉండేది. అన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి, ఎవరిది ఏదో తెలియడానికి మిగిలిన రంగు దారం పిడికి చుట్టుకునేవారు. మా ఆయనది ఆకుపచ్చ, పసుపు కలిపి చుట్టిన దారం, చివర ఆయనకొక్కడికే వచ్చిన ముడి. షెడ్డంతటికీ ఆ ముడి ఎరుకే. ఇంట్లో దాచుకున్న చాకులకూ అదే దారం చుట్టేవాడు.

మా కొడుక్కు ఏడాది కూడా నిండని రోజులవి. ఒకనాడు ఆయన పనిలో ఉన్నప్పుడు, మా ఊరి పక్క ఊరివాడే, అదే కార్ఖానాలో పనిచేసే పిల్లగాడు, వదినా అంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో స్టీలు బిందె. కిటికీలో ఎండకు ఆరబెట్టిన చాకును చూసి, అది తనకిస్తే ఈ బిందె ఇస్తానన్నాడు. స్టీలు బిందె! నేనప్పటికి సొట్టలు పోయిన రేకు డబ్బాలో నీళ్లు పట్టుకుంటున్నాను. పనికిరాని ఇనుముకు బిందె వస్తుంటే కాదనే బుద్ధి నాకెక్కడిది? చాకు నీకెందుకని అడగలేదు. ఆ మాట నా మనసులోకి కూడా రాలేదు. ఎరిగిన పిల్లగాడు, మన భాష మాట్లాడేవాడు, అడిగితే చిన్నబుచ్చుకోడూ?

మన ఇళ్లలో చాకును చేతికియ్యకూడదంటారు కదా, ఇస్తే ఇద్దరి మధ్య పగ పుడుతుందని. ఆ పద్ధతి మాత్రం నేను తప్పలేదు. గడప మీద పెట్టాను, అతను వంగి తీసుకున్నాడు. పిడికున్న దారం విప్పాలన్న ధ్యాస లేదు, నా కళ్లన్నీ బిందె మీదే ఉన్నాయి.

నాలుగో రోజున కార్ఖానాలో గొడవైంది. మూలనున్న సాంచాల మీద పోగులు తక్కువ తెగుతాయి, వాటి కోసం ఎప్పుడూ పోటీయే. ఆ పిల్లగాడికీ ఇంకొకతనికీ మాటా మాటా పెరిగి, పిల్లగాడు నేనిచ్చిన చాకు తెరిచాడు. అవతలివాడు అడ్డం పెట్టిన కుడిచెయ్యి అరచేయి పొడవునా తెగింది. ప్రాణం దక్కింది కానీ రెండు వేళ్లు మళ్లీ వంగలేదట. తెగిన పోగు ముడివేయలేని చేతికి మన పనిలో ఏముంది? పెళ్లాం పిల్లలను తీసుకుని ఊరికి పోయాడు. పోయేనాడు వాళ్లావిడ మా ఇంటి ముందు నుంచే నడిచింది, తల తిప్పి చూడలేదు.

పోలీసులు చాకు పట్టుకొచ్చి ఇది ఎవరిదని అడిగితే షెడ్డులో ఉన్నవాళ్లంతా మా ఆయన వైపు చూశారు. ఆయన ముందుకు వచ్చి, నాదే సాబ్, నేనే ఇచ్చిన అన్నాడు. ఒళ్లో పసివాడున్న భార్యను ఠాణాకు నడిపించడం ఇష్టంలేక అన్నాడని నాకు తెలుసు. ఆ పిల్లగాడూ నా పేరెత్తలేదు. రెండు రోజులు కూర్చోబెట్టి వదిలేశారు. సేటు మాత్రం మళ్లీ లోపలికి రానివ్వలేదు, ఇంకే కార్ఖానావాళ్లూ రానివ్వలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేత తప్ప ఇంకో పని ముట్టని మనిషి కొన్నాళ్లు కూలికి పోయి, తర్వాత ఇచ్ఛాపూర్ వైపు ఫ్యాక్టరీలు లేస్తే అక్కడ బస్తాలు మోసే పనిలో చేరాడు. సాయంత్రం వచ్చి భుజానికి నూనె రాయమనేవాడు.

ఠాణా నుంచి ఇంటికొచ్చిన రోజున ఆయన వంటగదిలో అప్పటిదాకా పట్టించుకోని కొత్త బిందెను చూశాడు. నన్ను చూశాడు. మంచినీళ్లు ఇయ్యమన్నాడు. అంతే. ఆ రోజు గానీ, చచ్చేదాకా ఇంకే రోజు గానీ ఆ ప్రస్తావన తేలేదు. ఒక్కసారి తిట్టినా నా గుండె మీది బరువు కొంత దిగేది. నేనేమో నాకు నేను చెప్పుకునేదాన్ని, నేను చేతికియ్యలేదు, గడప మీద పెట్టాను, తీసుకున్నది వాడు అని. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. బస్తీలో ఆడవాళ్లు మీ ఆయన చాకుల పిచ్చి ఎంత పని చేసిందమ్మా అంటే, అవునని తలూపాను కూడా. చాకిచ్చి బిందె పుచ్చుకోవడం కంటే ఆ తలూపడమే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ తర్వాత కూడా ఆయన చాకులు కొన్నాడు, అప్పుడప్పుడూ ఇచ్చాడు కూడా. కానీ ఆ ఇచ్చే తీరు వేరు. బజారులో తనలాంటి పిచ్చివాళ్లే నలుగురుండేవారు. అడిగినవాడితో మూడు నాలుగు ఆదివారాలు టీ తాగి, వాడు అంచును ఎలా తుడుస్తున్నాడో, తెరిచిన చాకును ఎవరి వైపు పెట్టి మాట్లాడుతున్నాడో గమనించి, ఇల్లెక్కడో చూసివచ్చి అప్పుడిచ్చేవాడు. మనవరాలికి ఆ నూనె వేయడం, తుడవడం నేర్పింది ఆయనే. అది ఇప్పుడు ఫోనులో చేస్తున్నదీ అదేనని ఆ ఆదివారం సాయంత్రం దాని పక్కన కూర్చుని చూస్తే గానీ నాకు తెలియలేదు.

మనవరాలు అమ్ముతున్నది కొమ్ముపిడి మడత చాకు, నాలుగు వేళ్ల పొడవు లేదు. కొనేది వడోదరలో గడియారాలు బాగుచేసే పెద్దాయన. గ్రూపులో ఇద్దరు పాతవాళ్లు ఈయనను మేమెరుగుదుమని పూచీ చెప్పాకే బేరం మొదలుపెట్టిందట. ఆధార్ చూసి, వీడియోలో మాట్లాడి, ఆయన దాచుకున్న చాకులన్నీ చూపించమని చూసింది. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసింది. బటన్ నొక్కితే తెరుచుకునేవీ, మరీ పొడవైనవీ వాళ్ల గ్రూపులో అమ్మనివ్వరట. చాకును మడిచి, తెరుచుకోకుండా తాడు కట్టి, అట్ట చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, మీద ఇంకో అట్టపెట్టె. కొరియర్ వాళ్లకు లోపలున్నది ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పాలి, వాళ్లు వద్దంటే పంపకూడదు, పేరున్న మనిషికే ఇచ్చి సంతకం తీసుకోవాలి.

ఇంత జాగ్రత్త చూశాక ఇక దాచలేక, అది టేపు చుడుతుంటే చెప్పేశాను. బిందె, గడప, దారం, అంతా.

టేపు చుట్టే చెయ్యి ఆగింది. తాతకు ఎరుకేనా అని అడిగింది. ఎరుకే అన్నాను. మరి ఇన్నేండ్లు నువ్వెందుకు చెప్పలే అంది. మిగిలిన టేపు చుట్టి, పెట్టెను అలమారలో పెట్టి, ఆకలి లేదని పడుకుంది.

మన కాలంలో ముఖం ఎరిగితే చాలు, అన్నీ ఎరిగినట్టే. అడగడం అవమానం. వీళ్లకు ముఖాలు తెలియవు, అందుకని అన్నీ అడుగుతారు, అవతలివాళ్లూ విసుక్కోకుండా చెబుతారు. ఈ అలవాటు ఆనాడు నాకుండి ఉంటే ఒక మనిషి చెయ్యి, ఇంకో మనిషి పని మిగిలేవి. ఇంకొకటి కూడా. మన బస్తీలో పడ్డ మాట, విన్నవాళ్లు ఊళ్లకు పోతేనో, చచ్చిపోతేనో మరుగున పడేది. ఇప్పుడు అదే మాట ఫోటోతో సహా ఏ ఊరివాళ్లో చదువుతున్నారు, ఆయన నవ్వు ముఖం కింద నా తప్పు రాసి ఉంది.

మర్నాడు పొద్దున అది ఫోను తీసుకుని నా ఎదురుగా కూర్చుని, చెప్పు అంది. నేను చెప్పాను, అది ఫోనులో టైపు కొట్టింది. ఆ చాకు ఇచ్చింది తాత కాదని, బాపమ్మ అని, బిందెకు ఇచ్చిందని, ఎందుకని అడగలేదని. ఒకసారి చదివి వినిపించింది. సరిగ్గానే ఉందన్నాను. ఫోటో మార్చాలె అంది, మార్చు అన్నాను. కొంగు సర్దుకోకముందే నా ఫోటో తీసి తాత ఫోటో చోట పెట్టేసింది. వడోదర పెద్దాయన అది చదివి, చాకు పంపించమనే రాశాడట. పార్సెల్ సంచిలో పెట్టుకుంది, చెప్పులేసుకుంది, కొరియర్ ఆఫీసుకు పోయి అటు నుంచి అటే దుకాణానికి పోయింది. పోయొస్త బాపమ్మా అని మాత్రం అనలేదు.