సుగుణ మేడమ్ ఖాళీగా వదలమన్న సగం పేజీ

నిన్న పొద్దున ప్రేయర్ అయ్యాక క్లాసుకు పోతూ ఫోన్ చూశాను. మా బీఈడీ బ్యాచ్ గ్రూప్‌లో సుగుణ మేడమ్ ఫోటో.

బర్త్‌డే అనుకుని కేక్ బొమ్మ పెట్టబోయాను.

కింద రాసింది చదివాక ఆ బొమ్మ తీసేశాను.

మేడమ్ లేరు. సూర్యాపేటలో, ఇంట్లోనే, నిద్రలోనే పోయారట.

మేడమ్ ఎవరో తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. మిర్యాలగూడలో నేను చదివిన బీఈడీ కాలేజీలో, సైన్స్ పాఠం పిల్లలకు ఎలా చెప్పాలో మాకు నేర్పిన లెక్చరర్ ఆమె.

అప్పట్లో మాకో ఆనవాయితీ ఉండేది. లెసన్ ప్లాన్ రికార్డ్ ఎవరూ సొంతంగా రాయరు. సీనియర్ల దగ్గర తెచ్చుకుని దించడమే. నాకు ఒక కోదాడ అక్క తన రికార్డ్ ఇచ్చింది. "అక్షరం మార్చకుండా దించేసెయ్యవే, ఎవరూ చదవర్లే" అని భరోసా కూడా ఇచ్చింది.

మేడమ్ చదివారు.

ఆ రికార్డ్‌లో పేజీకి ఎడమవైపు టీచర్ అడిగే ప్రశ్నలు, కుడివైపు పిల్లలు చెప్పే జవాబులు ఉంటాయి. మేడమ్ కుడివైపు వేలు పెట్టి నవ్వారు.

"ఈ పిల్లలు ఏ ఊరోళ్లమ్మా? ఒక్కరు కూడ తప్పు చెప్తలేరు!"

క్లాసంతా గొల్లుమంది. నేను తల ఎత్తలేదు.

"రేపు నువ్వు పోయేది వేములపల్లి బడికి. ఆ పిల్లల మొఖం సూడకముందే వాళ్ల జవాబులు నువ్వే రాసినవ్. ఈ సగం ఖాళీగ ఇడిసిపెట్టు. క్లాస్ అయినంక వాళ్లు ఏమన్నరో అదే రాయి."

ఆ రోజు హాస్టల్‌లో ఏడ్చాను. మేడమ్‌ను బాగా తిట్టుకున్నాను కూడా.

మర్నాడు వేములపల్లిలో ఆరో తరగతికి నా ప్రాక్టీస్ పాఠం. మార్కులు వేయడానికి మేడమ్ వెనక బెంచీలో కూర్చున్నారు. తడి బట్టలు ఎట్లా ఆరుతాయి అని అడిగాను. "నీరు ఆవిరైపోతుంది" అని ఎవరో ఒకరు అంటే నేను ముందుకు పోవాలి.

ఒక పిల్ల లేచింది. "టీచర్, మా నాయిన వడ్లు ఎండబోసి, ఒక గింజ కొరికి సూస్తడు. టక్ మంటేనే ఎండినట్టు."

ఇంకొకడు అందుకున్నాడు. "మబ్బు పడితే టక్ మనయ్ టీచర్. మరి అప్పుడు నీళ్లు ఎటు పోవా?"

ఇగ క్లాస్ నా చేతిలో లేదు. అందరూ వడ్ల మీదనే పడ్డారు. బెల్ కొట్టేసరికి నా పాఠం సగం కూడా కాలేదు. ఫెయిల్ ఖాయం అనుకున్నాను.

మేడమ్ మాత్రం ఆ పిల్ల దగ్గరికి పోయి, "రేపు నాకు గుప్పెడు వడ్లు తెస్తవా?" అని అడిగారు. తెల్లారి పిల్లలందరి ముందు గింజ కొరికి, తల ఊపి, "ఇంకో ఎండ కావాలె" అన్నారు. ఆ క్లాస్‌లో నవ్వనివాళ్లు లేరు.

టీచర్ కావాలని నాకు నిజంగా అనిపించింది ఆ రోజే.

ఇప్పుడు నేను తిరుమలగిరి దగ్గర ఒక బడిలో టీచర్‌ని. ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి.

ఈ వారం మొదట్లో మా బడికి మౌనిక అని ఒక ట్రైనీ వచ్చింది. మొక్కల పాఠానికి సంచి నిండా పత్తి కాయలు తెచ్చింది. పిల్లలతోనే విప్పించి చెప్తానంది.

"సిలబస్ కాలేదమ్మా. గైడ్‌లో ఉన్నట్టు చెప్పెయ్, నీ రికార్డ్‌లో సంతకం పెడతా" అన్నాను.

ఆ పిల్ల సంచి మూతి కట్టి స్టాఫ్‌రూమ్ మూలన పెట్టింది.

ఆ సాయంత్రమంతా మనసు బాగాలేదు. మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పుకోవాలనుకున్నాను. సిగ్గేసింది. ఆదివారం చేద్దాంలే అనుకున్నాను.

ఆ ఆదివారం రాకముందే మేడమ్ వెళ్లిపోయారు. నిన్న సాయంత్రం సూర్యాపేటలో ఆమె కాళ్ల దగ్గర నిలబడి చెప్పుకున్నాను. వినే మనిషి లేరు.

ఈ రోజు పొద్దున మౌనికను పిలిచి, "తప్పు నాదే. ఆ పాఠం నువ్వు అనుకున్నట్టే చెప్పు" అన్నాను.

"పిల్లలు లొల్లి చేస్తరు మేడమ్. హెడ్‌మాస్టర్ సార్ కోపానికొస్తడేమో."

"చెయ్యనీ. సార్‌తోని నేను మాట్లాడుత."

మధ్యాహ్నం ఏడో తరగతిలో నిజంగానే లొల్లి. గది నిండా దూది. ఆ చప్పుడుకు హెడ్‌మాస్టర్ సార్ విసవిసా వచ్చారు. లోపల మౌనిక మొహం పాలిపోయింది.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "నేనే చెప్పమన్న సార్" అన్నాను.

సార్ లోపలికి తొంగి చూసి వెళ్లిపోయారు. లోపల పాఠం ఆగలేదు.

పోయి రండి మేడమ్. మాలాంటి మొద్దులను ఎంతమందిని దిద్దారో. ఇక అలసట లేకుండా, హాయిగా నిద్రపోండి.