సెల్ఫ్ స్కూలు టీసీ

తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగానికి నాకు అర్హత లేదని నన్ను ఆపేశారు. ఇది అన్యాయం. ముందు ఆ మాట చెప్పి, తర్వాత మిగతాది చెబుతాను.

1975లో అద్దంకి పత్తి కొనుగోలు కేంద్రంలో తాత్కాలిక గ్రేడరుగా చేరాను. రైతు తెచ్చిన బోరెం సంచిలో చెయ్యి దూర్చి, గుప్పెడు పత్తి తీసి, బొటనవేళ్ల మధ్య పీచు లాగి, పింజ పొడవూ తేమా చూసి రకం నిర్ణయించడం గ్రేడరు పని. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. అక్షరాలూ అంతే. మిరపకాయలు నింపిన టిక్కీ బస్తాల మీద రాసిన ఊళ్ల పేర్లు చూసి నేర్చుకున్నాను.

1984లో ఆ పోస్టును పర్మనెంటు చేశారు. పోస్టునే, నన్ను కాదు. అది వస్తే ఏడాది పొడుగునా పని. రాకపోతే సీజను అయిపోగానే ఎప్పటిలాగే ఇంటికి. అందరితోపాటు నన్నూ బయోడేటా పెట్టుకోమన్నారు.

చీరాలలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే దైవసహాయం దగ్గరకు వెళ్లాను. చదివిన స్కూలు ఏదన్నాడు. బడికి పోలేదు, సొంతంగా నేర్చుకున్నానన్నాను.

“గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు బుట్టలోకి పోద్ది బాబాయ్,” అని అందులో ఇంగ్లీషులో ‘సెల్ఫ్’ అని కొట్టాడు. నాకూ బాగానే ఉందనిపించింది. ఆ తప్పులో నా వాటా ఒప్పుకుంటాను.

మూడు వారాలకు జిల్లా ఆఫీసు నుంచి మెమో, అంటే సంజాయిషీ అడిగే కాగితం, వచ్చింది. సెల్ఫ్ అనే పాఠశాల ఏ తాలూకాలో ఉందో, గుర్తింపు ఉందో లేదో తెలిపి, హెడ్మాస్టరు సంతకంతో టీసీ దాఖలు చేయమన్నారు. అలాంటి బడే లేదని రాశాను. లేని బడిలో చదివినట్టు ఎందుకు పేర్కొన్నారని ఇంకో మెమో వచ్చింది. ఇన్నాళ్లూ యార్డులో పత్తి చూస్తున్నది నేనే.

బస్సెక్కి ఒంగోలు జిల్లా ఆఫీసుకు పోయాను. సెక్షను సూపరింటెండెంటు నన్ను ఎరిగినవాడే. వాళ్ల చేలో పత్తికి గ్రేడు వేసింది కూడా నేనే.

“మీరు నాకు తెలుసండి. ఫైలుకి తెలియదుగా,” అన్నాడు. “టీసీ ఒకటి పెట్టండి, పైకి పంపించేస్తాను.”

“ఎవరివ్వాలండీ?”

“మీకు చదువు చెప్పినాయనే.”

“నాకు నేనే చెప్పుకున్నానండి.”

“అయితే మీరే ఇవ్వండి. నన్నెందుకు చంపుతారు?”

అక్కడే బల్ల మీద తెల్లకాగితం పెట్టి రాశాను. నడవడిక అన్నచోట ‘తృప్తికరం’ అని మాత్రం రాశాను, నా గురించి నేను ఎక్కువ చెప్పుకోకూడదని. కింద హెడ్మాస్టరు హోదాలో సంతకం పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

బయోడేటా రాసుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. చదివేవాడికి మీరు తెలియరు, కాగితమే తెలుసు. ఒక్క మాటతో గడి నింపేకంటే, జరిగింది పూర్తి వాక్యంలో రాయండి. చేతికి వచ్చిన పని పైన రాయండి, బడి సంగతి కింద రాయండి. నేను తాత్కాలిక గ్రేడరుగా చేరి తాత్కాలిక గ్రేడరుగానే దిగాను.

ఆఖరి జవాబు నెల తర్వాత వచ్చింది. చిరునామా మా ఇంటిదే. పైన మాత్రం ‘హెడ్మాస్టరు గారికి, సెల్ఫ్ పాఠశాల’ అని ఉంది. లోపల ఇలా ఉంది:

“మీ పూర్వ విద్యార్థి దాఖలు చేసిన టీసీపై ఉన్న సంతకమూ, అతని దరఖాస్తుపై ఉన్న సంతకమూ ఒకే చేతివి. కావున అతడు మీ సంతకం ఫోర్జరీ చేసినట్లు ఈ కార్యాలయం భావిస్తున్నది. తాము విచారించి నివేదిక పంపగలరు. అది అందేవరకు అతని నియామకం నిలిపివేయడమైనది.”