నాయన వేసిన ఒట్టు

మా నాయన చేత బీడీ మాన్పించడానికి మేం చెయ్యని ప్రయత్నం లేదు. అయ్యప్ప మాల వేస్తే దీక్ష ఉన్నన్నాళ్లూ ముట్టుకోడు. మాల తీసిన మర్నాడే పశువుల కొట్టం వెనక పొగ లేస్తుంది. డాక్టరు రాసిచ్చిన నికోటిన్ గమ్ కొనిచ్చాను. పళ్లు కదులుతున్నాయని దాన్ని గూట్లో పడేశాడు. లవంగాలూ సోంపూ బీడీకి తోడయ్యాయి గానీ బీడీని తప్పించలేదు.

పోయినేడు ఆయాసం ముదిరి పలమనేరు ఆసుపత్రిలో చేరాడు. ఇంటికొచ్చిన రోజే అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఆయన చేతిని నా నడినెత్తిన పెట్టించింది.

"బిడ్డ మీద ఒట్టెయ్, ఇంక తాగనని."

వేశాడు. నేను తిరుపతి బడిలో సైన్సు చెప్పేదాన్ని, ఒట్లూ గిట్లూ నమ్మను. నవ్వేద్దామనుకున్నాను గానీ నవ్వు రాలేదు.

నెల తిరక్కుండానే ఆయన తుండుగుడ్డలో బీడీ వాసన తగిలింది. అప్పట్నుంచి నన్ను భయం పట్టుకుంది. చంద్రగిరి రోడ్డులో పక్కనుంచి లారీ పోతే స్కూటర్ పక్కకి ఆపేసేదాన్ని. తల నొస్తే చాలు, ఇదేనేమో అనిపించేది. చదువుకున్నదానికి ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఎవరితోనూ అనలేదు.

మొన్న సెలవుకి ఊరెళ్లినప్పుడు ఆయన గుడ్డలు ఉతుకుతుంటే తుండుగుడ్డ మూలన నెత్తురు కనిపించింది. పాలు పితుకుతున్న ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను.

"ఇదేంది నాయనా?"

"దగ్గితే పడతా ఉండాది."

"ఎవురికీ చెప్పలేదే?"

ఆయన తలెత్తలేదు. "ఒట్టు తప్పినాను కదమ్మా. నీకేమైనా అయితాదని నిద్ర పట్టేది కాదు. వచ్చేదేదో నాకే రానీ సామీ అని కొండ దిక్కు మొక్కుకున్నా. నెత్తురు పడినపుడు, నీది నాకొచ్చేసింది లే అనుకున్నా. మనసు నిమ్మళమైంది."

ఆసుపత్రికి పోదాం లెమ్మన్నాను.

"వద్దు. నాకు నయమైతే అది మళ్లా నీ మీదికి వస్తాది."

గడపలో నిలబడి అమ్మ అంతా విన్నట్టుంది. దగ్గరికొచ్చి ఆయన ముందున్న చెంబు పక్కకి జరిపింది. "వేయించింది నేను. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడతా ఉండా. లెయ్యి."

ఆవిడ మాట కాదనలేక తిరుపతి వచ్చాడు గానీ, ఒట్టు తీరిందంటే నమ్మలేదు. స్కాన్ గదిలోకి పిలిచినప్పుడు నా వైపు తిరిగి, "నువ్వు ఈడ ఉండొద్దు, ఇంటికి పోమ్మా," అన్నాడు. తలుపు మూశారు. నేను కదల్లేదు. లోపల ఆయనకు ఏం ఉందంటారోనని నా భయం. ఆయన మాత్రం, తనకు నయమైపోతుందేమోనని భయపడుతున్నాడు.