మాస్కో మనవాడే

విమానం దిగేసరికి మీసాలు గడ్డకట్టాయి. అలాస్కా పడమటి తీరం, మైనస్ ముప్పై. గుట్ట మీద రాడార్ కేంద్రం, కింద సముద్రపు ఒడ్డున రన్‌వే. ఆ సముద్రానికి అవతల సోవియట్ రష్యా. అక్కడ యుద్ధ విమానం లేస్తే ముందు మా రాడార్‌కే కనబడాలి. కమ్యూనిజాన్ని ఆ సముద్రం దాటనివ్వకూడదన్నది అమెరికా ప్రభుత్వం మాట. ఆ రాడార్‌కి కరెంటు పోకుండా చూడటం నా డ్యూటీ. జనరేటర్ మెకానిక్‌ని.

సార్జెంట్ నా కోటు మీది పేరు చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఏమిటీ జోకు?"

"జోకు కాదు సార్జెంట్. నా పేరే."

నవ్వొస్తోంది కదూ? నవ్వండి, నాకేం. మా నాన్న కృష్ణా జిల్లాలో పార్టీ మనిషి. ఎర్రజెండా పట్టుకుని జైలుకెళ్ళినవాడు. కొడుకు పుడితే మాస్కో అని పేరు పెట్టుకున్నాడు. మా వీధిలో ఒక వోల్గా, ఒక విప్లవ్ కూడా ఉండేవాళ్ళు, ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు కదా, చింతగుంట మాస్కో అని రాశాను. వీళ్ళకేమో చివర ఉన్నదే ఇంటిపేరు. సైన్యంలో గుండె మీద కుట్టేది అదే. కమ్యూనిజాన్ని ఆపడానికి వెళ్ళినవాడి గుండె మీద మాస్కో! ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి?

"కోర్టుకెళ్ళి మార్చుకో," అన్నాడు సార్జెంట్.

"మా నాన్న పెట్టిన పేరు. మార్చను," అన్నాను. నిజానికి నేను ఈ సైన్యంలో చేరానని నాన్న నాతో మాటలు మానేశాడు. ఆయన మొండితనమే నాకూ వచ్చింది.

నాతోపాటు పనిచేసేవాడు డ్రైవర్. టెక్సస్ కుర్రాడు, తాటిచెట్టంత మనిషి. మంచులో నడిచే చెయిన్ల బండి తోలేవాడు. పొద్దున లేస్తే వేళాకోళమే. "మాస్కో, ఇవాళ మీ ఊళ్ళో ఎండ కాస్తోందా?" అనేవాడు. ఒకరోజు భోజనం దగ్గర ఉన్నట్టుండి చెప్పాడు: "మా అన్న వియత్నాంలో పోయాడు. కమ్యూనిస్టుల తూటా. మొదట్లో నీ పేరు పిలవాలంటే ఒళ్ళు మండేది." నేను ప్లేటు పక్కకి జరిపాను. వాడే మళ్ళీ నా ప్లేట్‌లోకి రొట్టె తోసి, "తిను, చల్లారిపోతుంది," అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం రన్‌వే దగ్గరి జనరేటర్ ఆగిపోయింది. ఇద్దరం గుట్ట దిగి బాగుచేశాం. తిరిగొస్తుంటే గాలి లేచింది. ఎటు చూసినా తెలుపు. నేలేదో ఆకాశమేదో తెలియదు. బండి పక్కకి జారి గండిలో ఒరిగిపోయింది. నన్ను తలుపులోంచి బయటికి విసిరేసింది. డ్రైవర్ కాలు బండి కింద పడి నలిగింది. రక్తం వచ్చినంతసేపూ ఆవిరి లేచింది, తరవాత అదీ లేదు.

బండిలో రేడియో పనిచేస్తోంది. వైరు లాగి మైకు అందుకున్నాను.

"బేస్, మాస్కో మాట్లాడుతున్నాను. బండి పడిపోయింది. మనిషికి దెబ్బలు."

రోజూ ఉండే ఆపరేటర్ సెలవులో ఉన్నాడు. కొత్తవాడు ముందురోజే దిగాడు. వాడికి నా పేరు తెలియదు, నా యాస తెలియదు.

"ఎవరు?"

"మాస్కో!"

"ఈ ఛానెల్‌లో వేషాలు వద్దు. తప్పుకో."

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. జవాబు లేదు. తెలియని గొంతు వస్తే బదులివ్వకూడదని వాడికి ఆర్డర్. వాణ్ణి తిట్టడానికి లేదు. వాడి కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణి. కానీ అక్కడ, ఆ మంచులో, నాకు భయంతో ఏడుపొచ్చింది.

డ్రైవర్ చెయ్యి చాపాడు. "ఇలా తే."

మైకు ఇచ్చాను. పళ్ళు టకటక కొట్టుకుంటున్నా గట్టిగానే అన్నాడు. "ఒరే కొత్తోడా, నేను డ్రైవర్ని. మాస్కో మనవాడే. వింటున్నావా? మనవాడే."

ఆ కేక విని కొత్తవాడు సార్జెంట్‌ని పిలిచినట్టున్నాడు. తరవాత సార్జెంట్ గొంతు వచ్చింది. "ఎక్కడున్నారు?"

ఏం చెప్పాలి? నా బూట్లే నాకు కనబడటం లేదు.

"సరే. మైకు బటన్ నొక్కి పట్టుకోండి, వదలొద్దు. ఆ సిగ్నల్ పట్టుకుని వస్తాం."

మందపాటి చేతితొడుగుతో ఆ బటన్ నొక్కుడు పడలేదు. డ్రైవర్ పళ్ళతో పట్టి తన తొడుగు లాగేసి, వట్టి బొటనవేలితో నొక్కి పట్టాడు. నేను పట్టుకుంటానన్నాను.

"నువ్వు తవ్వు మాస్కో. నా కాలు నీ పూచీ."

తవ్వాను. రేకు ముక్కతో తవ్వాను, మోచేతులతో తవ్వాను. బటన్ నొక్కే ఉంది కాబట్టి వాడి మాటలన్నీ బేస్‌కి వినబడుతూనే ఉన్నాయి. వాళ్ళమ్మ చేసే మొక్కజొన్న రొట్టె గురించి చెప్పాడు. నీ వంటలో కారం మనుషులు తినేది కాదన్నాడు. నేను తిడుతూ తవ్వాను. తరవాత మాటలు తగ్గాయి. నిద్రపోవద్దురా అని తెలుగులో అరిచాను. ఊఁ అన్నాడు. కాలు బయటికి వచ్చాక చూడరా అన్నాను. ఈసారి ఊఁ అనలేదు.

లైట్లు మా మీదికి తిన్నగా వచ్చాయి. తుఫానులో అంత తిన్నగా ఎలా వచ్చారని ఇప్పటికీ ఆశ్చర్యమే. సిగ్నల్ ఒక్క క్షణం కూడా తెగలేదట.

వసంతంలో నన్ను న్యూజెర్సీకి పంపేశారు. ఇప్పుడు ఈ మోరిస్‌విల్ అనే ఊళ్ళో ఉంటున్నాను. మొన్న మన తెలుగు కుర్రాడొకడు అడిగాడు: "అంకుల్, నేమ్ చేంజ్ చేసుకుంటే ప్రాబ్లమ్ సాల్వ్ అయ్యేది కదా?" కోపం రాలేదు. అడగాల్సిన ప్రశ్నే. అయినా ఆ పేరును ఆ డ్రైవర్ అందరికీ వినబడేలా మనవాడే అన్నాక, ఇంకెక్కడ మార్చను?

ఒక్కటి మాత్రం కళ్ళముందు నుంచి పోదు. ఆరోజు సార్జెంట్ వంగి డ్రైవర్ చేతిలోని మైకు తీసుకోబోయాడు. రాలేదు. చర్మం ఇనుముకి అంటుకుపోయింది. వాడు ఎప్పుడు పోయాడో తెలియదు, పోయాడు. నీలంగా మారిన ఆ బొటనవేలు బటన్ని ఇంకా నొక్కే ఉంది.