అత్తమ్మ వాగ్దానం, నా కళ్ళజోడు

చర్చిలో నన్ను కళ్ళజోడుతో చూసిన వాళ్ళందరిదీ ఈ మధ్య ఒకటే పరామర్శ. పవర్ ఎంత, తలనొప్పి ఉందా, క్యారెట్ తింటున్నావా అని. నిజం మీకు మాత్రమే చెప్తున్నా. నా కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. చెడింది నా బుద్ధి. అదీ జనవరి ఒకటో తారీఖు పొద్దున, ఒక్క నిమిషం పాటు.

ముందు మా అత్తమ్మ మరియమ్మ గురించి చెప్పాలి. నస్రుల్లాబాద్ వైపు పొలాల్లో ఏళ్ళ తరబడి నాట్లు వేసిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక బాన్సువాడలో మాతోనే ఉంటోంది. మోకాళ్ళు ఆగాయి గానీ నోరు ఆగలేదు. నేను పప్పులో ఉప్పు రెండుసార్లు వేసినా, ఆన్‌లైన్‌లో చీర ఆర్డర్ పెట్టినా, ఆదివారానికల్లా చర్చి మొత్తానికి తెలిసిపోతుంది. క్రిస్మస్ రోజైతే భోజనాల దగ్గరే పాస్టరమ్మతో చెప్పేసింది. "మా కోడలు కేక్ చేసిందమ్మా. కోళ్లకేస్తే అవి గూడ ముట్టలే." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మండిపోతూ.

వారం తిరిగేసరికి కొత్త సంవత్సరం ఆరాధన. మా చర్చిలో ఆ పొద్దున వాగ్దానాలు తీస్తారు. స్టీలు పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లా పెడతారు, ఒక్కో దాని మీద ఒక్కో వాక్యం. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు మనతో చెప్పిన మాట అదే. నాలాంటి వాళ్ళు దాన్ని పర్సులో పెట్టి మార్చికల్లా మర్చిపోతారు. అత్తమ్మ అలా కాదు. పొయ్యి పక్క గోడకి అతికించుకుని ఏడాదంతా దాని మీదే బతుకుతుంది. ఆమెకి చదువు రాదు కాబట్టి కార్డు చదివిపెట్టే డ్యూటీ ఏటా నాది.

ఈసారి ఆమెకి వచ్చింది ఎంత చక్కటి మాటో! తల నెరిసేదాకా నిన్ను నేనే ఎత్తుకుని మోస్తానని దేవుడు చెప్పే మాట. చర్చి బయటికొచ్చాక కార్డు నా చేతిలో పెట్టి, ఏం రాసిందో చదవమంది. చూశాను. కోళ్ళు గుర్తొచ్చాయి. నోటికి కాపలా పెట్టుకోమని, పెదవులు అదుపులో ఉంచుకోమని రాసుందని చదివేశాను, అచ్చం పాస్టరు గారి గొంతుతో.

అత్తమ్మ మొహం చిన్నబోయింది. "గట్లనే రాసిందా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. గట్లనే రాసిందన్నాను. కార్డు తీసుకుని కళ్ళకద్దుకుంది. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట లేదు.

మొదటి రోజు హాయిగా ఉంది. సీరియల్ మొత్తం ఎవరి వ్యాఖ్యానమూ లేకుండా చూశాను. రెండో రోజు నల్లా వచ్చి పోయింది. నీళ్ళొచ్చాయని రోజూ కేకేసేది ఆమే మరి, బిందెలన్నీ ఖాళీ. మూడో రోజు పాలు పొంగుతుంటే చెయ్యి ఊపింది. టీ అడుగుతోందనుకుని, ఆగమని నేనూ చెయ్యి ఊపాను. పాలన్నీ స్టవ్వే తాగింది. నాలుగో రోజు నేను బిల్లింగ్ చేసే బట్టల షాపుకి రెండు కాళ్ళకి రెండు రకాల చెప్పులతో వెళ్ళాను. ఒకటి నాది, ఒకటి మా ఆయనది. గడప దగ్గర కూర్చున్న అత్తమ్మ చూసింది, పెదవులు బిగించుకుంది, పోనిచ్చింది. సాయంత్రం మా ఆయన అడిగాడు, "ఏందే, ఇంట్ల రేడియో బందైందా?"

అప్పుడు నవ్వొచ్చింది. మర్నాడు ఆదివారం పొద్దున్నే మాత్రం రాలేదు. అత్తమ్మ రోజూ పైకే ప్రార్థన చేస్తుంది. మా ఆయన పేరు, నా పేరు చెప్పి, పక్కింటి వాళ్ళ బర్రెకి కూడా ఆరోగ్యం అడుగుతుంది. ఆ పొద్దున కార్డున్న గోడ వైపు తిరిగి కూర్చుని పెదవులు మాత్రం కదుపుతోంది. దేవుడు తనని కసిరాడనుకుంటోంది. ఎత్తుకుని మోస్తానన్న దేవుడితో నేను ఆమెని తిట్టించాను. చాలా సిగ్గేసింది. సాయంత్రం ఎలాగైనా చెప్పేద్దామనుకున్నాను.

దేవుడు సాయంత్రం దాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నం స్త్రీల ప్రార్థన మా ఇంట్లోనే. పాస్టరమ్మ మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి గోడ వైపు చూసింది. మరియమ్మకి ఎంత మంచి వాగ్దానం వచ్చిందోనంటూ కార్డు మొత్తం పైకి చదివింది, పది మంది ఆడవాళ్ళు వింటుండగా.

అత్తమ్మ కార్డు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. కేక్ సంగతే దాచని మనిషి ఇది దాస్తుందా? పైగా ఐదు రోజుల మాటలు లోపల ఉన్నాయి. నోరు తెరిచింది.

"మా కోడలికి కండ్లు సక్కగ కనిపిస్తలేవమ్మా," అంది. "నాకు వేరే తీర్గ చదివింది. మస్తు ఫికరైతుంది. జర ప్రార్థన చేయుండ్రి."

ఇంకేముంది. పది మందీ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తల మీద చేతులు పెట్టి, నా చూపు కోసం కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. నేనూ ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియదు. చివర్లో పాస్టరమ్మ తన పాత కళ్ళజోడు తెప్పించి నాకే ఇచ్చేసింది. వద్దంటే ఏమని వద్దనాలి? అందుకే ఆదివారం ఆదివారం పెట్టుకుంటున్నాను.

అందరూ వెళ్ళాక అత్తమ్మ పక్కన కూర్చుని తప్పంతా ఒప్పుకున్నాను. ఆమె వాగ్దానం ఉన్నది ఉన్నట్టు చదివాను. ఇంకోసారి చదివించుకుంది. నెరిసిన తల నిమురుకుని, ఐదు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

"కేక్ ముచ్చట నేను నలుగుర్ల చెప్పుడు గూడ తప్పే బిడ్డా," అంది. "ఇగ ఇద్దరం సరి. గని వచ్చే ఏడు నీ కార్డు నేనే చదువుతా."

ఆమెకి అక్షరం ముక్క రాదు. అయినా కాదనే మొహం నాకు లేదు. పైగా ఆ కళ్ళజోడు పెట్టుకుంటే చర్చిలో నాకూ ఒక్క అక్షరం కనిపించదు. ఆమె ఏం చదివితే అదే నా వాగ్దానం.