జోకరు చేపలకు ఇల్లు వెతికిన ఏడాది

మా ఆయనకు ఉప్పునీటి అక్వేరియం పిచ్చి పట్టిన కొత్తలో నేను రోజూ దెబ్బలాడేదాన్ని. తాడేపల్లిగూడెంలో మంచినీళ్ళ కోసం మేము బిందెలు పట్టుకుని నిలబడుతుంటే, ఈయన ఆ మంచినీళ్ళలో పొట్లాల కొద్దీ ఉప్పు కలిపి సముద్రం చేస్తానంటారు. కాలేజీ ల్యాబులో ఉద్యోగం చేసే మనిషికి ఇంటికొచ్చినా ల్యాబే కావాలి. ముందుగదిలో మంచం పట్టేంత గాజుతొట్టె, దాని మీద మండిపోయే లైట్లు, అడుగున సముద్రపు రాళ్ళు. ఇంత హంగామా చేసి వదిలింది రెండే రెండు జోకరు చేపల్ని. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలు, బొటనవేలంత ప్రాణాలు. ఆడది పెద్దది. మొగుడు చిన్నవాడు, దాని వెనకాలే తిరుగుతాడు. ఆ ఒక్క సంగతీ నాకు నచ్చింది.

ఆ రోజుల్లోనే కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు సరస్సులా ఉండాలని ప్రభుత్వం మిషన్లు పెట్టించింది. మా నాన్నగారి చెరువులు అందులో పోయాయి. తప్పెవరిదన్న వాదన మా చుట్టాల్లో ఇప్పటికీ తెగలేదు, నేనందులోకి వెళ్ళను. అమ్మ అప్పటికే లేదు. నాన్నగారు పొద్దున్నే వెళ్ళి తెగిన గట్టు మీద కూర్చుంటున్నారనీ, అన్నానికి పిలిచినా రావడం లేదనీ పక్కింటివాళ్ళు ఫోను చేశారు. అటువైపే ఎవరో చెరువు రైతు పురుగుల మందు తాగాడన్న మాట కూడా అప్పుడే చెవిన పడింది. వెంటనే వెళ్ళి, బట్టలు నేనే సంచిలో కుక్కి, ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చేశాను.

మా వైపు మగవాళ్ళకు కూతురింట్లో ఉండిపోవడమంటే నామోషీ. నాన్నగారు కుర్చీ అంచున కూర్చునేవారు. ఎవరైనా వస్తే లేచి చోటిద్దామన్నట్టు ఉండేది ఆ కూర్చోవడం. కంచంలో రెండోసారి అన్నం వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. నేను ఇంట్లో ఉన్న బొద్దింకల మందు కూడా పారేశాను. బాత్రూంలో కాస్త ఆలస్యమైతే తలుపు కొట్టేదాన్ని. నాకు ఒక్కటే కావాలి, ఆయన బతికుండాలి, నా కళ్ళెదుట ఉండాలి.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఎనిమోను కోసం తిప్పలు పడుతున్నారు. ఎనిమోను అంటే చూడ్డానికి పువ్వు, నిజానికి జంతువు. రాతిని అడుగుభాగంతో గట్టిగా పట్టుకుని, రేకుల్లాంటి వేళ్ళతో తిండి అందుకుంటుంది. ఆ వేళ్ళు మిగతా చేపల్ని కుడతాయి. జోకరు చేప మాత్రం వాటి మధ్యే హాయిగా కాపురం పెడుతుంది. కానీ ఏది పడితే అది కుదరదట. కొన్ని రకాలనైతే అసలు దగ్గరికే రానివ్వదట. ఏ రకం తేవాలో, ఎలాంటిది తేవాలో తేలక ఆయన ఇంటర్నెట్ సెంటర్ చుట్టూ తిరుగుతున్నారు.

"మా నాన్నగారిని అడగండి" అన్నాను.

"ఆయనకు బొచ్చె, శీలావతి లాంటి చెరువు చేపలు తెలుసు గానీ, ఇదేం తెలుస్తుందే?"

"తెలియకపోతే పోయె. అడగడానికి మీ సొమ్మేం పోయింది?" అని కసిరాను.

ఆయన వెళ్ళి అడిగారు. మంచి మనిషే, చెప్పాలంతే. "మావయ్యగారూ, బెజవాడ షాపులో ఎనిమోన్లు వచ్చాయటండి. మీరు కూడా వస్తే బాగుంటుంది. నేనైతే అందంగా కనబడిందే కొనేస్తాను."

"ఉప్పునీళ్ళ సంగతి నాకేం తెలుసండి అల్లుడుగారూ" అన్నారు నాన్నగారు. తొట్టె వైపు ఒకసారి చూసి, "ఏవండీ, అది తినేదేంటండి?" అని అడిగారు. మా ఇంటికి వచ్చాక ఆయన నోటి వెంట వచ్చిన మొదటి ప్రశ్న అది. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

ముగ్గురం రైల్లో వెళ్ళాం. షాపులో ఒక తొట్టెలో తెల్లటిది ఉంది, వేళ్ళ చివర ఊదారంగు, కళ్ళు తిప్పుకోలేం. పక్కనే మట్టిరంగుది ఒకటి, చిన్న రాయిని పట్టుకుని ఉంది. మా ఆయన తెల్లదాని ముందు అతుక్కుపోయారు.

"నీళ్ళు కదిపి చూడొచ్చాండి?" అని నాన్నగారు షాపతన్ని అడిగి, తొట్టెలో చెయ్యి పెట్టి నీళ్ళను మెల్లగా సుడి తిప్పారు. చేప పిల్లను కొనేటప్పుడు చెరువు రైతులు చేసే పనే అది. బేసిన్లో పిల్లను పోయించి నీళ్ళు తిప్పుతారు. ఎదురీదే పిల్ల బతుకుతుంది, నీళ్ళతో పాటు కొట్టుకుపోయే పిల్లను వెనక్కి ఇచ్చేస్తారు. ఆ సుడికి తెల్లది ఒక పక్కకు ఒరిగి దొర్లింది. మట్టిరంగుది ముడుచుకుని రాతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇదండి. దీనికి పట్టుంది" అన్నారు నాన్నగారు.

తెల్లబడటం ఎనిమోనుకు జబ్బేనని మా ఆయనకు కూడా అప్పుడు గుర్తొచ్చింది. మట్టిరంగుదాన్ని రాయితో సహా కొన్నాం. తిరుగు రైల్లో నాన్నగారు ఆ పెట్టెను ఒళ్ళోంచి దించలేదు. జామకాయలు కొనిస్తే తిన్నారు. ఏలూరు దాటాక కూడా ఆయన మాటలు ఆగలేదు, మొదటి చెరువు తవ్వించిన సంగతులు చెబుతూనే ఉన్నారు. గండం గడిచిందనుకున్నాను.

ఇంటికి రాగానే మా ఆయన ఎనిమోను సంచిని తొట్టెలో తేలేసి, రెండు నీళ్ళ వేడీ ఒకటయ్యేదాకా ఉండాలని చెప్పి స్నానానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి నాన్నగారే దాన్ని రాళ్ళ మధ్య ఒద్దికగా అమర్చేసి ఉన్నారు. అది ముడుచుకుపోయి ఉంటే ప్రయాణం బడలిక అనుకున్నాం. మర్నాటికి కాస్త విచ్చుకుంది. ఆడచేప దాని చుట్టూ తిరిగి, తిరిగి, ఒళ్ళు ఆనించి, లోపలికి దూరింది. వెనకాలే మొగుడు. నాన్నగారు చిన్నపిల్లాడిలా నవ్వారు. "చేరాయండి, చేరాయండి!" అని కాలేజీకి బయల్దేరుతున్న మా ఆయన్ని గుమ్మంలోంచి వెనక్కి పిలిచారు.

తర్వాత ఎనిమోను మళ్ళీ విచ్చుకోలేదు. రోజురోజుకీ కుంచించుకుపోయింది. నోరు తెరుచుకుపోయింది. ఒంటి నుంచి జిగురు ఊడి నీళ్ళు మసకబారాయి. మా ఆయన తొట్టె నీళ్ళకు ఏవో పరీక్షలు చేసి, "అన్నీ బాగానే ఉన్నాయి, ఏం రోగమో అంతుపట్టట్లేదు" అని తల పట్టుకున్నారు.

"రోగం అయ్యుండదండి" అని నాన్నగారు ధైర్యం చెప్పారు. "పర్మాంగనేటులో ముంచే వదిలాను కదండి. సంచిలో దానితో వచ్చిన నీళ్ళలోనే కలిపానండి, మంచినీళ్ళు తగలనివ్వలేదు."

బయటి చేపపిల్లను ఆ ఊదారంగు మందునీళ్ళలో ముంచకుండా ఏ రైతూ చెరువులో వదలడు. ఆ మందు పొట్లం ఆయన సంచి అడుగున ఎప్పుడూ ఉంటుంది, బట్టలు కుక్కినప్పుడు నేను చూసుకోలేదు. చేపకు పైనున్న రోగాన్ని కాల్చేసే మందు, పొలుసు లేని ఈ ప్రాణాన్నే కాల్చేసింది. మా ఆయన ముఖంలో మార్పు నాన్నగారు చూశారు. లేచి నిలబడి, "తప్పయిపోయిందండి అల్లుడుగారూ" అంటూ రెండు చేతులూ జోడించారు.

మా నాన్న నా ఇంట్లో నా మొగుడికి దణ్ణం పెట్టారు. ఆయన కంగారుగా "అయ్యో మావయ్యగారూ, అవేం మాటలండీ" అని ఆ చేతులు పట్టుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "ముఖం అలా పెట్టే బదులు నాలుగు తిట్టరాదూ?" అని ఆయన మీద అరిచాను. తప్పు ఎవరి మీద వెయ్యాలో తెలియక చేతికి అందినవాళ్ళ మీద వేశాను.

చచ్చిపోతున్న ఎనిమోనును వెంటనే తియ్యకపోతే నీళ్ళు విషమై చేపలు కూడా పోతాయి. "నేనే తీస్తానండి" అని నాన్నగారు చొక్కా చెయ్యి పైకి మడిచి రాయి పట్టుకోబోయారు. ఆడచేప అందులోంచి బయటికి రాలేదు. ఆయన చేతిని పొడిచింది. మళ్ళీ పొడిచింది. బతుకంతా వలల కొద్దీ చేపల్ని లాగించిన మనిషి, బొటనవేలంత చేపకు జంకి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నా వల్ల కాదమ్మా. నువ్వు తియ్యి" అన్నారు.

రాయిని నేనే తీశాను. కుళ్ళు వాసన ముందుగదంతా నిండింది. ఆ రోజంతా చేపలు రెండూ ఖాళీ చోట్లోనే తిరిగాయి. నాన్నగారు కుర్చీ తొట్టె దగ్గరికి జరుపుకుని వాటినే చూస్తూ కూర్చున్నారు.

"ఎనిమోను లేకపోయినా ఏం కాదండి మావయ్యగారూ" అన్నారు మా ఆయన. "సముద్రంలో అయితే అవసరం గానీ, ఇక్కడ వీటిని తినేవాళ్ళెవరున్నారు? బతికేస్తాయి."

"బతికేస్తాయనుకోండి" అన్నారు నాన్నగారు.

ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. దగ్గరికెళ్ళి నేల మీద కూర్చున్నాను. "ఇంటికి వెళ్ళాలని ఉందా నాన్నగారూ?" అని అడిగాను. అడగడానికి నాకు ఎంత కష్టమైందో ఆయనకు తెలుసనుకుంటాను.

"వచ్చిన వారం నుంచీ ఉందమ్మా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు బాగా భయపడుతున్నావు కదా. ఈ స్థితిలో నిన్ను ఒక్కదాన్నే ఎలా వదిలి వెళ్ళను? కాస్త కుదుటపడ్డాక వెళ్దామని ఆగాను." నా తల మీద చెయ్యి వేశారు. "భయం తగ్గిందామ్మా మరి?"

తగ్గింది నాన్నగారూ, అన్నాను. తగ్గలేదు. మర్నాడు ఆయన్ని ఏలూరు బస్సు ఎక్కించి, అది కదిలేదాకా కిటికీ పక్కన నవ్వుతూనే నిలబడ్డాను.